నాయనమ్మ పరుగు, సాత్విక మాట

కారంపూడి

పిల్లలకి మాటలు నేర్పే నీరజమ్మకు, సాత్విక నాయనమ్మ కోటేశ్వరి నమస్కారాలు.

మా కోడలు అపర్ణ ఆరేళ్ళ మనవరాల్ని నరసరావుపేట తీసుకొచ్చి మీకు చూపించింది. చెవులు బాగున్నయ్, తెలివికి లోటు లేదు, మాటలు నేర్చుకోవటమే కష్టమన్నారంట. నిజమే. ఏం కావాలన్నా "అది, అది" అంటది. బళ్ళో పిల్లలు ఆటకి రానీయట్లేదు. దానికి మీరు చెప్పిందేంది? పాఠానికి ముందు పరిగెత్తించాలా? మా చిన్నప్పుడు జవాబు రాకపోతే పంతులుగారు బడి చుట్టూ పరిగెత్తించేవాడు. నా మనవరాలు చేసిన నేరమేంది?

ఇట్లు, చానా కోపంగా,
కోటేశ్వరి

తా.క.: ఫోన్ చేద్దామనుకున్నా. కోపమొస్తే నాకూ మాటలు అందవు. అట్టాగని నన్ను పరిగెత్తించబాకండి.

*

నరసరావుపేట

కోటేశ్వరి గారికి నమస్తే.

అది శిక్ష కాదండీ, ఆట. కాస్త ఒళ్ళు అలిశాక నేర్పిన కొత్త మాటలు కొందరు పిల్లలకు బాగా గుర్తుంటున్నాయి. సాత్వికకూ పనికొస్తుందేమో చూద్దాం. ఇది మందు కాదు, మాటల పాఠం మానకూడదు. ఆటలో మీరూ తోడుంటే పాపకు హుషారు.

మీ
నీరజ

తా.క.: ముఖ్యమైనది మర్చిపోయాను. పాఠానికి ముందు పాప గుండె కాస్త దడదడలాడాలి.

*

కారంపూడి

నీరజమ్మకు ఆశీస్సులు.

మీరు చెప్పినట్టే గుండె దడదడలాడించా. మా బట్టల కొట్లో తలుపు చాటున నక్కి, పిల్ల రాంగానే "భౌ" అన్నా. పిల్ల పకపకా నవ్వింది. మా ఆయన వెంకటరామయ్య మాత్రం ఎగిరిపడి, చేతిలో కాఫీ అంతా పట్టుచీర మీద పోశాడు. మాటలు పిల్లకి రాలా, ఆయనకొచ్చినయ్. అన్నీ తిట్లే.

కోటేశ్వరి

తా.క.: ఇంకొకరిని భయపెట్టాల్నా, ఇది చాల్నా?

*

నరసరావుపేట

కోటేశ్వరి గారూ,

దయచేసి ఎవరినీ భయపెట్టకండి! పరుగు వల్ల దడదడలాడాలన్నాను. వీధిలో పరిగెత్తి అంటుకునే ఆట ఆడండి. తర్వాత మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి కొత్త మాటలు చెప్పండి.

నవ్వాపుకోలేని
నీరజ

తా.క.: ఆ చీర కాఫీ రంగుదైతే నేనే కొంటాను.

*

కారంపూడి

బంగారు తల్లి నీరజమ్మకు,

మొదటిరోజు పిల్ల వెంట నేను పడుతుంటే పక్కింటి ఖాతూన్ బీ "ఏమే కోటేశ్వరీ, పసిదాన్ని కొడతావా?" అని అడ్డమొచ్చింది. సంగతి చెప్పాక కొంగు బిగించి తనూ ఆటలో దిగింది. ఆమెని చూసి వీధి పిల్లలంతా చేరారు. రోజూ ఆటయ్యాక "దాక్కోవటం", "వెతకటం", "దొరకటం" అని చెప్తూ వచ్చా. కొన్ని నిలిచినయ్, కొన్ని జారిపోయినయ్.

నిన్న మోకాలు నొప్పని చెప్పి నేను ఆటలోంచి తప్పుకున్నా. నేను కనపడక అందరూ వెతుకుతుంటే సాత్విక కొట్టు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, వీధంతా వినేట్టు అరిచింది: "నాయనమ్మకి నొప్పి లేదు! మూటల వెనక దాక్కుంది! మిర్చి బజ్జీ తింటంది!"

డాక్టరు నాకు నూనె వద్దన్నాడు, అందుకని మా ఆయన గుడ్లురిమాడు. నా పరువు పోయింది. అయినా అంత పొడుగు మాట ఆ నోట వినటం అదే మొదలు. బజ్జీ చేతిలో పట్టుకునే ఏడ్చేశా. ఖాతూన్ బీ ఏడ్చింది. అపర్ణ ఇంకోసారి చెప్పమంటే, పిల్ల ఇంకోసారీ చెప్పింది, ఇంకా గట్టిగా!

మీ కోటేశ్వరి

తా.క.: ఇకనుంచి దానికి మాటలు కాస్త నిదానంగా నేర్పు తల్లీ. మా ఇంట్లో బయటికి చెప్పకూడనివి చానా ఉన్నయ్.