గొర్రెల బాటలో బండి చక్రం

4 ఫిబ్రవరి 1962

బుచ్చయ్య పటేలు గారికి, వెనకింటి బీరప్ప దండం పెట్టి రాయునది.

ఇక్కడ మేము, గొర్రెలు అందరం క్షేమం. గోడ అవతల మీ దగ్గు వినబడుతూనే ఉంది గనుక మీ క్షేమం అడగడం లేదు. మా పొట్టేలు మీ కంది చేను మేసిన నాటి నుంచి నాతో మాట్లాడనని మైసమ్మ మీద ఒట్టు పెట్టుకున్నారు. అందుకే పోస్టులో రాస్తున్నాను.

మీ జాగాలోని సందు గుండా మా గొర్రెలు మూడు తరాలుగా పోతున్నాయి. ఇప్పుడు వడ్ల ఐలేశం మా వాకిట్లోనే కూర్చొని నాకు ఎడ్లబండి చేసి పెట్టాడు. అంతా అయ్యాక గాని దాన్ని బయటికి తీయడానికి మీ సందే దిక్కన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

మా ఇంటిది గుర్వమ్మకు మోకాళ్లు పట్టేసి నాలుగేళ్లు. ఈదమ్మకు బోనం మొక్కు అట్లాగే ఉండిపోయింది. ఈసారి జాతరకు బండిలో కూర్చోబెట్టి తీసుకుపోతానని మాటిచ్చాను. మాట తప్పితే నాకు అన్నం సయించదు. బండికి దారి ఇవ్వగలరు.

ఇట్లు,
బీరప్ప

తా.క.: రాసింది గట్టిగా చదువుకోవడం నాకు అలవాటు. గోడ అవతల విన్నా విననట్టే ఉండండి. ఉత్తరం జడ్చర్ల పోయి ముద్ర కొట్టించుకొని నాలుగు రోజులకు గాని మీకు రాదు.


13 ఫిబ్రవరి 1962

వెనకింటి బీరప్పకు బుచ్చయ్య రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మాట: నేనేమీ వినలేదు.

మీ తాత మా తాతను అడిగింది గొర్రెలకు బాట. చక్రం మాట ఎత్తలేదు. కాళ్లున్నది ఏదైనా పోవచ్చు. నీ ఎడ్లు పోవచ్చు, నువ్వూ పోవచ్చు. బండికి కాళ్లు లేవు.

ఈ పొద్దే సందు మొదట్లో ఒక రాయి పాతాను. పక్క నుంచి గొర్రె పడుతుంది, బండి పట్టదు. నా బండి వెనక కొట్టంలో ఉంది. నాకు పని పడ్డనాడు రాయి పీకి, పోయివచ్చి మళ్లీ పాతుకుంటాను. జాగా నాది, రాయి నాది.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క.: 'అన్నం సయించదు' అన్న దగ్గర నీ గొంతు బొంగురుపోయింది. జలుబేమో చూసుకో.


20 ఫిబ్రవరి 1962

బీరప్పకు బుచ్చయ్య కోపంతో రాయునది. నీ క్షేమం నాకు అక్కర్లేదు.

పాతిన మర్నాడు తెల్లారేసరికి నా రాయికి పసుపు, కుంకుమ, మెడలో వేపమండ. ఇది గుర్వమ్మ పనే. మూడు రోజుల్లో అది ఈదమ్మ అయి కూర్చుంది. ఎదురింటి సత్తమ్మ కొబ్బరికాయ కొడితే పంటినొప్పి పోయిందట.

శుక్రవారం జొన్నలు బజారుకు తోలాలని గడ్డపార పట్టుకొని పోయాను. సత్తమ్మ చూసి, "అమ్మ కాడికి ఉత్తగ తెస్తరా పటేలా, గడ్డపారకు గుడ బొట్టు పెట్టాలె" అని దానికీ పసుపు పూసి రాయి పక్కన నిలబెట్టింది. ఇప్పుడు దానికీ కొబ్బరికాయలు కొడుతున్నారు.

నా బండి నా కొట్టంలోనే ఖైదు. ఇక ఒకటే దారి. నీ గొర్రెల దొడ్డి వెనక గోడ తీస్తే నా చెలక పొలంలో పడి పెద్ద బాట ఎక్కవచ్చు. నీ దొడ్డిలోంచి దారి ఇవ్వగలవు.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క.: ఇది అడుక్కోవడం కాదు. హక్కుగా అడుగుతున్నాను. హక్కు ఏదో దొరికాక రాస్తాను.


26 ఫిబ్రవరి 1962

పటేలు గారికి బీరప్ప దండాలు.

పసుపు పూసింది గుర్వమ్మ కాదు, మీ లీలమ్మ. నిరుడు మీ ఎడ్లకు గాలికుంటు వస్తే, తగ్గితే ఇంటి ముందర ఈదమ్మ రాయి నిలుపుతానని మొక్కారట. ఎడ్లు లేచాయి, మీరు మరిచారు. మొన్న రాయి కనబడగానే, "ఇన్నొద్దులకు మా ఇంటాయినకు మొక్కు యాదికొచ్చింది" అని ఆమె సంబరపడి పూసింది. మాకు ఆనాడే తెలుసు. ఆడవాళ్లు రోజూ గోడ మీద నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒట్టు మనిద్దరి మధ్యనే.

నిన్న గుర్వమ్మ బోనం ఎత్తుకుంది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి లీలమ్మ భుజానికి. పన్నెండు అడుగులు నడిచి మొక్కు చెల్లించింది. "అమ్మనే నా కాడికొచ్చింది, ఇగ జాతరెందుకు, బండెందుకు" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. నాకు అడ్డంగా పాతినా సరే, ఆ రాయి పాతిన మీ చేతులకు దండం.

దొడ్డి గోడ తీశాను, రండి. అయితే మా తాత కూడా మీ తాతకు చక్రం మాట ఇవ్వలేదు. కాబట్టి చక్రాలు విప్పి, నేలకు తగలకుండా తేవాలి. ఒకటి మీరు మోయండి, ఒకటి నేను మోస్తాను.

ఇట్లు,
బీరప్ప

తా.క.: నా బండిలో ఇప్పుడు కోళ్లు పొదుగుతున్నాయి. వాటికి ఎటు పోవాల్సిన పని లేదు.

ఇంకో తా.క.: మీ దగ్గుకు మిరియాల కషాయం గోడ మీద పెట్టాను. ఉత్తరం వచ్చేదాకా ఆగితే చల్లారిపోతుంది. అందుకే ఈ ముక్క మరీ గట్టిగా చదువుతున్నాను.