నీళ్ళు లేని కాలవ

భవానీపురం. మే 1974, ఆదివారం.

మా బుజ్జికి బడి సెలవులు. సినిమాలకి తిప్పే స్తోమత లేక, "బందరు కాలవలో ఈత నేర్పిస్తా" అని నాలుగు రోజులుగా ఊరిస్తున్నాను. పైసా ఖర్చు లేని సరదా. పొద్దున బయల్దేరబోతుంటే సుశీల మెల్లిగా అంది, "ఎండాకాలం కదండీ, కాలవలకి నీళ్ళు కట్టేసుంటారేమో."

"కంకిపాడు రైతుబిడ్డకి కాలవ సంగతి నువ్వు చెప్పాలా?" అని కసిరాను.

సిటీ బస్సు దిగి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని కాలవ గట్టు ఎక్కాం. చుక్క నీరు లేదు. అడుగున బురద నెర్రెలు విచ్చి ఉంది. గేదెని తోలుకుపోతున్న ముసలాయన నవ్వాడు. "కట్టేసి ఇరవై రోజులైందండీ. తమరిది ఈ పక్క కాదాండీ?"

కాలవ ఎప్పుడు కట్టేస్తారో చూసుకునే మా నాన్న ఏటా పనులన్నీ చక్కబెట్టేవాడు. పదేళ్ళు ఆఫీసులో కూర్చుని అదే మర్చిపోయాను. పోనీ, మతిమరుపు ఎవరికైనా ఉంటుంది. ఆ తర్వాత నేనన్న మాట... ఛీ.

"నీళ్ళేవి నాన్నా?" అంది బుజ్జి.

"మీ అమ్మ తెమిలేసరికి వెళ్ళిపోయాయి" అన్నాను. ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు మరి.

ఆరేళ్ళ పిల్ల, నమ్మేసింది. బస్సులో వాళ్ళమ్మ కొంగు లాగుతూ, "ఎందుకమ్మా ఆలస్యం చేశావు?" అని ఒకటే ఏడుపు. సుశీల నా వంక చూడనైనా చూడలేదు.

"తప్పేనమ్మా. ఈసారి తొందరగా తెములుతాలే" అంది.

ఇంటికొచ్చాక నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. బుజ్జి తువ్వాలు మడిచి తలగడ కింద పెట్టుకుంది.

"రేపు అమ్మని నేనే లేపుతాను నాన్నా" అంది.