తూరా అడిగిన తన్ను

గోథెన్‌బర్గ్, గురువారం

ఎబ్బా వదిన గారికి,

మీ చెల్లెలు తూరా ఆఖరి రోజు సంగతి ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. పొద్దున ఆపరేషనుకు తీసుకెళ్లారు, మధ్యాహ్నానికి గుండె ఆగింది. బాధపడలేదు, మీరు దిగులు పెట్టుకోకండి.

చక్రాల మంచం మీద తోసుకెళ్తూ నర్సు అడిగింది: "మీరు ఒపెరా ఆవిడా, మా అమ్మమ్మ డాన్సు చేసిన పార్కు పాటల ఆవిడా?"

"గొంతు ఒకటేనమ్మా! చలికాలం ఒపెరాలో ఎత్తు మడమల జోళ్లు, ఎండాకాలం పార్కులో చెక్క చెప్పులు, అంతే తేడా," అంది తూరా. తర్వాత నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఇవాళ తన్నవా?" అంది.

పాటకు ముందు పాడేవాళ్లను వెనక నుంచి మోకాలితో ఒక్కటి తన్నితే శుభమని మన ఒపెరా వాళ్ల నమ్మకం కదా. నలభై ఏళ్లు తెర వెనక నిలబడి తన్నాను. రెండు రకాల పాటల్లోనూ ఆమె ఏనాడూ స్వరం తప్పలేదు. ఆ రోజు మాత్రం నర్సుల ముందు సిగ్గేసి, "వచ్చాక తంతాలే," అన్నాను.

మీ నడుము నొప్పి ఎలా ఉంది? ప్రయాణం పెట్టుకోకండి. చెక్క చెప్పులు మీకు పంపనా? పిల్లలకు నా దీవెనలు.

రేపు చర్చిలో ఒపెరా వాళ్లూ డాన్సు బ్యాండు వాళ్లూ కలిసి పాడతారు. పొద్దున తూరా శవపేటికను లోపలికి మోసుకెళ్లే ముందు, అందరూ చూస్తుండగా, మోకాలితో ఒక్కటి తంతాను.

లెన్నార్ట్