పొడిచెత్త సంచీలో టీ పిప్పి

ఏమండీ,

అత్తయ్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. గుమ్మం దగ్గరున్న సంచీ విప్పి, తడీ పొడీ మీరే వేరు చేయండి. గ్లౌజులు సింకు కింద ఉన్నాయి. నేను కడిగి ఆరబెట్టిన పాల కవర్ల మీద మళ్లీ టీ పిప్పి కుమ్మరించారు. పొడిచెత్త తీసుకెళ్లే ఆమె సంచీలో చెయ్యి పెట్టి, "మీ ఇంట్లో కూడానా అమ్మా?" అని వదిలేసి వెళ్లింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అడిగితే "ఎలాగూ కాల్చేదేగా" అంటారు. చెత్తతో కరెంటు తీసే ప్లాంటులో పనిచేసేది మీరే. తడిచెత్త మండక డీజిలు పోయాల్సి వస్తోందని రోజూ అన్నం ముందు కూర్చుని ఊరందరినీ తిట్టేదీ మీరే. ఆ ఊళ్లో మన ఇల్లు లేదా?

ఆమె రేపు పొద్దున వస్తుంది. సంచీ మీ చేత్తోనే ఇవ్వండి.

ఫ్లాస్కులో టీ ఉంది. మీ దగ్గుకని అల్లం దంచి వేశాను. వడగట్టే పోశాను, మీరు పారేయడానికేమీ మిగల్చలేదు.