ఈశ్వర్ పట్టుకెళ్ళిన కార్డు

చిరంజీవి యువరాజుకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నాన్నా ఉన్నాం. నువ్వక్కడ చెన్నైలో వేళకింత తిని, ఆ మేడల ఎత్తుల మీద కాలు చూసుకుని పని చేస్తూ బాగుండాలి.

ఫోనులో అడిగితే నేను మాట మార్చేస్తున్నానని ఉత్తరం రాశావు. నిజమే, మార్చేస్తున్నాను. ఉత్తరం వస్తే జవాబు రాయకుండా ఉండలేనని నీకు తెలుసు. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకో.

నాన్న సంగతి అడిగావు. మంగళవారం, శుక్రవారం పలాస వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని వస్తున్నాడు. వచ్చిన రోజు గోడవైపు తిరిగి పడుకుంటాడు. మర్నాడు వల బాగు చేస్తానని కూర్చుంటాడు గానీ వేళ్ళు వణుకుతున్నాయి. కొబ్బరినీళ్ళు కూడా తాగొద్దన్నారు. "ఉద్దానంలో పుట్టి బొండం ముట్టుకోకూడదంట. ఇంకేటి మిగిలిందే పైడీ" అంటాడు. తుఫానుకి పోగా మిగిలిన చెట్లయినా ఉన్నాయి కదా, చూడు అంటాను. అంతే మా కబుర్లు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వలసపోయే కుర్రాళ్ళ కోసం ప్రభుత్వం రాసే పద్ధతిని మీటింగు పెట్టి ఆ కుర్రాళ్ళతోనే కూర్చుని రాయిస్తారని, మన తీరం నుంచి నిన్ను పిలిచారని చదివినప్పుడు నాన్నకి గట్టిగా వినిపించాను. అక్కడ చెప్పాలని నువ్వు రాసుకున్నవి కూడా చదివాను. వెళ్ళేవాడి సొంత పేరు, సొంత వయసు, ఎక్కే బోటు ఊళ్ళోనే రాసి ఉంచాలని. పద్దెనిమిది నిండని వాణ్ణి ఎక్కించకూడదని. ఇక్కడే జెట్టీ కట్టి, చేపకి మంచు గిడ్డంగి పెడితే సగం మంది వెళ్ళనే వెళ్ళరని. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంతకుముందు మనల్ని ఇలాగ అడిగినోడెవుడు" అన్నాడు.

మీటింగుకి పెట్టిన దరఖాస్తు ఎందుకు తిప్పి పంపేస్తున్నారని అడిగావు. చిన్నవాడని తెలిసీ తమ్ముణ్ణి బోటు ఎలా ఎక్కించుకున్నారని అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఒక్కటే నాయనా. ఏడు నెలలుగా నా గొంతులో ఉంది.

గోవింద మావ అప్పుడు గుజరాత్ బోటుకి మనుషుల్ని కూడబెడుతున్నాడు. బోటు నడిపే తండేలు కదా, ఏడుగురు కావాలి, ఆరుగురే దొరికారు. తమ్ముడు ఈశ్వర్ తనూ వెళ్తానని వెంటపడ్డాడు. నాన్నకి జబ్బు ముదురుతోంది, నువ్వొక్కడివే సంపాదిస్తున్నావని వాడి బాధ. పదిహేడేళ్ళ వాణ్ణి పంపనన్నాను. మావ నవ్వాడు. "పదిహేడైతే ఏటే, గెడ్డం ఒచ్చీసింది కదా. పెద్దోడి ఆధార్ ఇంట్లోనే ఉంది కదా, అదిచ్చీ. ఇద్దరిదీ ఒకే పోలిక. సముద్రం మీద గార్డులు అడిగితే సూపించడానికే."

నా చేత్తోనే పెట్టెలోంచి తీసి ఇచ్చాను. మన ఒడ్డున ఇలా ఇచ్చిన తల్లిని నేనొక్కదాన్నే కాదు. అన్న కార్డు మీద తమ్ముడు, బావ కార్డు మీద బావమరిది వెళ్ళి వస్తూనే ఉన్నారు. వచ్చినంతకాలం ఎవరికీ తప్పనిపించలేదు. ఈశ్వర్ ఆ పూట కార్డు జేబులో పెట్టుకుని, "ఓలమ్మా, ఈయాల్టినుంచి నానే పెద్దకొడుకుని. సేప తలకాయ నాకెయ్యాల" అన్నాడు. వేశాను కూడా.

వాడు తాడు తగిలి నీళ్ళలో పడిన మూడోరోజు మావ ఫోన్ చేశాడు. పక్కన గుజరాత్ పోలీసు ఉన్నాడు. "పైడీ, పోయినోడు యువరాజేనా అని అడుగుతున్నాడు. అవునను. కాదన్నావంటే కేసులని శవాన్ని ఇక్కడే ఉంచేత్తారు. నీ కొడుకుని నువ్వు సూసుకోలేవు."

అవునన్నాను.

వాడి ముఖం చూడాలని అన్నాను నాయనా. డబ్బు కోసం అనుకోకు, శవంతో పాటు వచ్చిన ఆ మరణ కాగితం పట్టుకుని నేనెవరి గడపా తొక్కలేదు. దినానికి నువ్వు వచ్చినప్పుడు నీ కంటబడకుండా బియ్యం డ్రమ్ము అడుగున దాచాను. దాని మీద చనిపోయినవాడి పేరు నీది.

నీ దరఖాస్తు సంగతి కనుక్కోమంటే సచివాలయానికి వెళ్ళాను. అశ్విని, మన వీధి పిల్లే, కంప్యూటర్లో చూసి నా వంక చూసింది. "పిన్నీ, అన్నియ్య పోయినట్టు సూపిత్తంది ఇక్కడ. ఏటిది?" తలుపు దగ్గరకి వేయించి మొత్తం చెప్పాను. తర్వాత మెల్లగా, "అన్నియ్యని మళ్ళీ ఇందులో ఎక్కించాలంటే, పోయింది ఈశ్వరని నువ్వు రాసి సంతకం పెట్టాల. గోవింద మావ మీద కేసవుద్ది. మిగతాది పైవాళ్ళు సూత్తారు, ఎన్నాళ్ళో సెప్పలేను" అంది.

కాగితం ముందు పెట్టింది. పెన్ను తీసుకున్నాను. ఈశ్వర్ అని రాసి ఆగిపోయాను. ఆ కంప్యూటర్లో వాడు బతికే ఉన్నాడు యువరాజూ. మొన్న పద్దెనిమిది నిండాయని ఓటు రాయించుకోమని ఇంటికి పై ఊరి మనిషి వచ్చాడు. "పిల్లడు ఊళ్ళో ఉన్నాడా" అంటే, పనికెళ్ళాడన్నాను. మూడుసార్లు సచివాలయానికి వెళ్ళాను. మూడుసార్లూ తిరిగొచ్చేశాను. నిన్ను బతికించాలంటే నా చేత్తో వాడు పోయాడని రాయాలి.

ఇంకా ఉంది. ఇది నాన్నకి కూడా చెప్పలేదు.

మొన్న బుధవారం టెక్కలిలో ఆ మీటింగు అయిపోయింది. నీకు చెప్పకుండా నేను వెళ్ళాను. నువ్వు రాసినవి నేనైనా చదివి వినిపిద్దామని నీ ఉత్తరం రవికెలో పెట్టుకుని బస్సెక్కాను. తలుపు దగ్గర ఒక అబ్బాయి పేర్ల కాగితం చూశాడు. "యువరాజు చనిపోయాడని వచ్చిందమ్మా, తీసేశాం. మీరేమవుతారు?" అన్నాడు. అమ్మనన్నాను. లేచి నిలబడ్డాడు. ముందు వరసలో కుర్చీ వేయించి, నీళ్ళ సీసా ఇచ్చాడు. మర్యాదకి లోటు చేయలేదు.

వేదిక మీద మాట్లాడినవాళ్ళలో ఊరు దాటి పనికెళ్ళినవాడు ఒక్కడూ కనబడలేదు. వెళ్ళినవాళ్ళంతా పనుల్లో ఉన్నారు కదా, ఎవరు వస్తారు. తర్వాత ఒక మేడమ్ మైకులో, "మన భాగస్వామి కావలసిన యువరాజు గుజరాత్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని తల్లి మన మధ్య ఉన్నారు. ఒక్క నిమిషం నిలబడదాం" అంది.

అందరూ లేచారు. కుర్చీలు చప్పుడయ్యాయి. నా బిడ్డ బతికే ఉన్నాడమ్మా, చెన్నైలో ఉన్నాడు, ఇదిగో వాడు రాసిన ఉత్తరం అని చెప్పడానికి నాకొక నిమిషం ఉంది. చెబితే ఈశ్వర్ సంగతి చెప్పాలి. నేను కూడా లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీ కోసం తలవంచాను. ఉత్తరం బయటికి తీయలేదు.

మొదటిసారి అవునన్నది శవం కోసం. రెండోసారి దేనికో నాకే తెలియదు.

అశ్విని ఆ కాగితాన్ని బల్ల సొరుగులో ఉంచింది. నాకు చేత కావడం లేదు. నువ్వు రా. వచ్చి నా ఎదురుగా కూర్చుని, సంతకం పెట్టమ్మా అని నీ నోటితో అడుగు. నీ ముఖం చూస్తే పెడతానేమో. పెడతానని మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
పైడమ్మ