తలుపు తీసిన ఫ్రిజ్

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసా, ఒక్క ఫ్రిజ్ తప్ప.

నువ్వు కాలేజీలో ఫిజిక్సు చెబుతావు, సరే. ఫ్రిజ్ తలుపు తీసిపెడితే వంటిల్లు చల్లబడుతుందని మీ బావ అన్నారే అనుకో, నలుగురిలో అంతలా నవ్వాలా? నువ్వు వెళ్ళాక ఇక నీతో మాట్లాడనని భీష్మించారు.

మర్నాడు పంతం పట్టి వంటింటి తలుపూ కిటికీలూ బిగించి, ఫ్రిజ్ తెరిచి, ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. మొహానికి చల్లగా తగిలేసరికి నాకేసి చూసి మీసం మెలేశారు. సాయంత్రానికి పాలు విరిగాయి, చెమటకి చొక్కా తడిసి ముద్దయింది, ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే చురుక్కుమంది.

నిన్న పక్కింటాయనకి చెబుతున్నారు: "ఫ్రిజ్ లోపలి వేడిని వెనకనుంచి గదిలోకే తోస్తుందండీ. పైగా మోటారు తినే కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. ఇక గది చల్లబడేదెక్కడ?"

పొల్లుపోకుండా అన్నీ ఆ రోజు నువ్వు నవ్వుతూ చెప్పిన మాటలే. నీ పేరొక్కటే లేదు.

క్షమాపణ చెప్పడం మీ బావకి ఇంతకంటే చేతకాదురా. ఆదివారం భోజనానికి రా. ఆ పాఠం నీకూ చెబుతారు. మొదటిసారి వింటున్నట్టు విను.

అక్క