ఫిన్లాండ్‌కు పోయిన పసుపు

గద్వాల.

మహారాజశ్రీ అని మొదలుపెడదామంటే నువ్వు ఆడమనిషివి. కాబట్టి మహారాణీశ్రీ, నేతకళా శిరోమణి, మా అమ్మ జోగులమ్మ గారి పాదాలకు కన్నకొడుకు దినేష్, ఎం.కాం., నడుము పట్టేసేదాకా వంగి పెట్టే దండాలు. ఇక్కడ నాయినా నేనూ బాగున్నాం. బర్రె లేదు కనుక దాని క్షేమం రాయడం లేదు. అక్కడ భివండిలో నువ్వూ, స్వరూపక్కా, బావా, ఈ మధ్యనే భూమ్మీదికి దిగిన నా మేనకోడలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు భివండి గాలికి కొంచెం ఒళ్లు చేశాయి గానీ, చివర 'జోగులమ్మ' అన్న సంతకం మాత్రం కలెక్టరమ్మ సంతకంలా ఉంది. ఫోన్ చేస్తే "రాసి పంపురా, నేనే చదువుకుంట" అని పెట్టేసే తల్లి ఈ జిల్లా మొత్తంలో నువ్వొక్కదానివే. బ్యాంకులో గుమాస్తా సిరా డబ్బా ముందుకు జరిపితే నువ్వేమన్నావో నాకింకా గుర్తుంది. "బిడ్డా, ఈ ఏలు మల్ల సిరాల ముంచనని జోగులాంబ మీద ఒట్టేసుకున్న. పెన్నియ్యి." ఆ పెన్ను నువ్వు తిరిగి ఇవ్వనూ లేదు. ఆ ఒట్టు సంగతి ఎందుకు ఎత్తానో చివర్లో తెలుస్తుంది.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మన శాలువాలు ఆ దేశం చేరినయా, ఆ మేడం కప్పుకున్నదా అన్నది ఒకటి. నీ మగ్గం మీది సగం చీరను ఎలుకలు కొట్టకుండా చూస్తున్నానా అన్నది రెండోది. నువ్వు ఎప్పుడు రావాలి, మగ్గం తొక్కక కాళ్లు గుంజుతున్నయి అన్నది మూడోది. సులువైన ప్రశ్నకు ముందు జవాబు రాయమని కాలేజీలో చెప్పారు. కాబట్టి ఎలుకల సంగతి: నీ చీరను ఎలుకలు ముట్టలేదు. ఇక ముట్టలేవు కూడా.

ఇప్పుడు శాలువాల చరిత్ర. భారత్-ఫిన్లాండ్ వాణిజ్య మైత్రీ సభ జరిగిన రోజు నువ్వు స్టేజీ పక్కన మగ్గం మీద నేసి చూపిస్తున్నావు కాబట్టి తెరవెనుక భాగోతం నీకు తెలియదు. ఫ్లెక్సీ మీద ఫిన్లాండ్ జెండా వెయ్యమని ఫ్లెక్సీల దుకాణం డేవిడ్‌కు ఫొటో పంపాను. ఆ జెండాలో నీలిరంగు శిలువ ఒక పక్కకు జరిగి ఉంటుంది. ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి కదా, అతనికి ప్రాణం ఒప్పలేదు. "అన్నా, శిలువ పక్కకు పోయింది. నడిమికి తెచ్చిన. గీ పనికి పైసలు తీస్కోను" అన్నాడు. అప్పటికే ఫ్లెక్సీ స్టేజీకెక్కింది. ఆ నడిమి శిలువ కింద నిలబడే మన చేనేత సొసైటీ అధ్యక్షుడు, నీ స్వంత తమ్ముడు, శ్రీశైలం మామ, రెండు దేశాల స్నేహం మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఫిన్లాండ్ వాళ్లు మర్యాదస్తులు. తమ జెండా వంక చూసి ఒక నవ్వు నవ్వి ఊరుకున్నారు.

తర్వాత మన శాలువాలు కొనే ఫిన్లాండ్ కంపెనీ ఆమె, ఆ కైసా మేడం, నీ దగ్గరికొచ్చి నీ కుడిచెయ్యి పట్టుకుని ఏదో అంది. నేను తర్జుమా చేశాను గుర్తుందా? "మన రెండు దేశాల మధ్య వంతెన ఈ చేతులే." అది నేను కల్పించింది అనుకున్నావు. కాదమ్మా, అచ్చంగా ఆమె అన్నమాటే. నీ గురించి ఇంగ్లీషులో నేను కల్పించి చెప్పింది తర్వాత.

శాలువాలు కట్టలు కట్టే రోజు నువ్వు పసుపు కలిపి కూర్చున్నావు. ఒక్కో శాలువా మూలన బొటనవేలితో ఒక్కో బొట్టు. నేను పక్కనే పసుపు గిన్నె పట్టుకుని ఉన్నాను. "ఎందుకమ్మా ఇదంతా" అంటే, "కొత్త బట్టకు పసుపు పెట్టకుంట ఎవలన్న ఇస్తరార? అండ్ల గివి ఏడు సముద్రాలు దాటి పోతున్నయి. ఆడివిల్లను ఉత్తగ సాగనంపుతమా?" అన్నావు. నాకు కూడా ముచ్చటేసింది. ఎం.కాం.లో ఎగుమతుల పేపరు పాసైన బుర్రకు కూడా ఏ అనుమానమూ తగల్లేదు. మరునాడు నువ్వు భివండి బండెక్కావు, శాలువాలు విమానమెక్కాయి.

శాలువాలు క్షేమంగా ఫిన్లాండ్ చేరాయి. అంతకంటే క్షేమంగా గద్వాలకు తిరిగి వచ్చాయి.

వాళ్ల భాషలో నువ్వు పెట్టినదాన్ని మంగళం అనరు, మరక అంటారు. మామ నన్ను సొసైటీ ఆఫీసుకు పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద కైసా మేడం, పక్కన కోటు వేసుకున్న ఇద్దరు. ఈ మరకలు ఎవరు చేశారని అడిగారు. బల్ల కింద మామ నా కాలు తొక్కి చెవిలో అన్నాడు: "నా పేరు గిట్ల ఎత్తినవో, చూడు మల్ల. సొసైటీ పేరు కూడ ఎత్తకు. ఎవల్నన్న చెప్పు."

ఎవరినో ఒకరిని చెప్పాలి కదా. "మా అమ్మ" అన్నాను. "పెద్దామె, చదువు లేదు, వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు" అన్నాను. ఇందులో 'మా అమ్మ' తప్ప ఒక్క ముక్క కూడా నిజం కాదు. గిన్నె పట్టింది ఎవరో నీకు తెలుసు, నాకు తెలుసు, ఫిన్లాండ్‌కు తెలియదు.

"అయితే ఇకమీద ఆమె మా సరుకు ముట్టదు కదా?" అన్నారు కోటువాళ్లు. "ముట్టదు" అన్నాను. మామ మెచ్చుకోలుగా నా వీపు తట్టాడు. కైసా మేడం మాత్రం కళ్లు తడిచేసుకుని, "ఆమె మీద మాకేం కోపం లేదు, మా ప్రేమ చెప్పండి" అంది. ఆలస్యమైనా చెప్పడం నా ధర్మం. అమ్మా, ఫిన్లాండ్ నీకు ప్రేమ పంపింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ వ్యాపారం ఎక్కడ ఆగింది? వాళ్లు నమూనాకని కొన్ని శాలువాలు ఉంచుకున్నారు. వాటిలో ఒకటి అక్కడ టీవీలో వార్తలు చదివే ఆమె కప్పుకుంది. మూలన నీ బొటనవేలు పచ్చగా కనబడిందట. చూసినవాళ్లంతా దుకాణానికి పోయి మాకు ఆ వేలు ఉన్నదే కావాలన్నారట. శ్రీశైలం మామ చెప్పులు కూడా వేసుకోకుండా మన ఇంటికి ఉరికొచ్చాడు.

"ఒరే దినేషూ! అక్క ఏలు బంగారమైందిరా! తెల్లోల్లకు గా మరకనే కావాల్నంట! బావా, ఇన్నవా? మీ ఇంటామె ఏలుకు ఫిన్లాండు మొత్తం దండం పెడ్తున్నది!"

నాయిన ఎంత సంబరపడ్డాడో నువ్వు చూసి ఉంటే బాగుండేది. నీ మగ్గం మీద కప్పిన గుడ్డ తీసి దులిపాడు. "బండికి టికెట్ తియ్యిపో, మీ అమ్మ రావాలె" అన్నాడు. నేను గద్వాల స్టేషన్ దాకా పోయి వరుసలో నిలబడ్డాను కూడా. కిటికీ దగ్గరికి వచ్చేసరికి మామ ఫోన్.

"ఏడున్నవ్? స్టేషన్లనా? ఆగు ఆగు. టికెట్ తియ్యకు. మాట మారింది."

మారిన మాట ఏమిటంటే, వాళ్లకు కావలసింది నీ వేలే గానీ, నువ్వు కాదు. పసుపైతే ఉతికితే కారుతుంది. నువ్వు పెడితే ఒకటి కిందికీ ఒకటి మీదికీ పడుతుంది. అన్ని శాలువాల మీద ఒకే చోట, ఒకే తీరుగా, చెరగని రంగుతో ఉండాలి. దానికి అచ్చు చేయించండి అన్నారు. తిరిగొచ్చిన శాలువాల్లో నీ వేలు బాగా పడినదాన్ని ఏరుకుని నేను బస్టాండు దగ్గర ఇమ్రాన్ రబ్బరు స్టాంపుల దుకాణానికి పోయాను.

ఇమ్రాన్ భూతద్దంతో చాలాసేపు చూశాడు. "దినేష్ భాయ్, అమ్మీ బొటనేలు మీద అడ్డంగ కోత ఉంది. దారం కోసినట్టుంది. సాఫ్ చేసెయ్యాల్నా?"

ఫిన్లాండ్‌ను అడిగాం. వద్దు, గాయం అట్లాగే ఉంచండి, అందమంతా దాంట్లోనే ఉంది అన్నారు.

"తహసీల్దార్ ముద్రలు చేసిన, సర్పంచ్ ముద్రలు చేసిన. దెబ్బ తాకిన ఏలుకు ముద్ర చేసుడు గిదే మొదలు" అన్నాడు ఇమ్రాన్. తర్వాత అచ్చు చేతిలో పెడుతూ అడిగాడు: "అమ్మీకి ఎరికేనా?"

"సర్‌ప్రైజ్ ఇస్తున్నాం" అన్నాను. అతను నవ్వలేదు. నా జోకులకు ఎప్పుడూ నవ్వే మనిషి.

అచ్చు వేసే బల్లకు మంచి వెలుతురు కావాలి. మన ఇంట్లో వెలుతురు ఉన్నది ముందు గదిలో. ముందు గదిలో ఉన్నది నీ మగ్గం. ఇంక నేను వివరంగా రాయాల్సిన పని లేదు, నువ్వు తెలివైనదానివి. అయినా రాస్తాను, లేకపోతే ఉత్తరం మళ్లీ రాస్తావు. మగ్గం విప్పి అటక మీద పెట్టాం. కింద నువ్వు కాళ్లు దించి మగ్గం తొక్కే గుంత మిగిలింది. దాన్ని పూడ్చడానికి మామ ఇద్దరు మేస్త్రీలను పంపాడు. వాళ్లు ఇసుక కలుపుతుంటే నాయిన పోయి ఆ గుంతలో దిగి కూర్చున్నాడు.

"బావా, లే. గిదేం చిన్నపిల్లల ఆట?" అన్నాడు మామ.

"నాకు ఈడ సల్లగుంది" అన్నాడు నాయిన.

"బావా, రాజోలి నుంచి గద్వాల దాకా మగ్గాలన్ని గీ ఆర్డరు మీదనే ఆడుతున్నయి. ఒక్క గుంత కోసం అందరి నోట్ల మన్ను కొడ్తవా?"

మేస్త్రీలు చాయ్ తాగొచ్చారు. వాళ్లు ఊరివాళ్లే, ఎదురుగా నిలబడి నేల చూపులు చూశారు. చివరికి నాయినకు నేనే చెయ్యి ఇచ్చి పైకి లాగాను. సాయంత్రానికి గచ్చు ఆరింది. ఇప్పుడక్కడ బల్ల వేసుకుని నేను కూర్చుంటాను. శాలువా పరచడం, నీ వేలు ఒత్తడం, మడిచి పక్కన పెట్టడం. చెయ్యి తిరిగింది. నీకంటే వరుసగా పెడుతున్నానని కైసా మేడం మెచ్చుకుంది.

ఇక సగం చీర. అది మగ్గం మీద ఉన్న ఫొటో నేను పంపిస్తే వాళ్లకు ప్రాణం లేచొచ్చిందట. పూర్తి చేయించి పంపాలా అని అడిగితే, వద్దు, సగంలో ఆగిందే కావాలి అన్నారు. వేలాడే పోగులతో సహా కోసి పంపాం. ఇప్పుడది వాళ్ల దుకాణంలో అద్దాల పెట్టెలో ఉంది. స్వరూపక్క బిడ్డ పేరంటానికి కట్టుకోవాలని నేసింది అని నాకు తెలుసు. ఏ ఎలుకా అందుకోలేని చోటికి చేర్చాను. ఆ మాట మటుకు నిలబెట్టుకున్నాను.

ఇంతవరకు తమాషాగానే రాశాను కదా. ఇప్పుడు ఈ ఉత్తరం అసలు ఎందుకు రాస్తున్నానో చెప్తాను. ఫోన్లో అయితే నీ గొంతు వినాలి, అందుకే ఫోన్ చెయ్యలేదు.

కవరులో ఒక కాగితం ఉంది. ఆ అచ్చులోని వేలు నీదేనని, ఇకనుంచి అది కంపెనీదని ఒప్పుకునే కాగితం. అమ్మ సంతకం చేస్తుంది, చక్కగా చేస్తుంది అని మామతో గట్టిగానే కొట్లాడాను. "సంతకం ఏం జేస్కోనురా? సంతకం ఎవలైన గీకుతరు. ఏలు అక్కదే అని తెలువాల్నంటె ఏలే పెట్టాలె. తెల్లోల్లు అచ్చు పక్కన పెట్టి చూస్కుంటరు" అన్నాడు. అందుకని కవరులోనే చిన్న సిరా డబ్బా కూడా పెట్టాను. ఇమ్రాన్ దానికి డబ్బు తీసుకోలేదు. అమ్మీకి సలాం చెప్పమన్నాడు.

ఒట్టు వేసుకున్నావని నాకు తెలుసు. పెట్టకపోతే ఏమవుతుందో మామ నాయినతో అన్న మాటలు పైన రాశాను, మళ్లీ చదువుకో. రాజోలి వాళ్లు నిన్ను తిట్టరు. నువ్వెవరో వాళ్లకు తెలియదు, శాలువా మీది వేలు ఫిన్లాండ్ వాళ్లదే అనుకుంటున్నారు.

మూడో ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఎప్పుడు రావాలి అని కదా? తొందరేం లేదమ్మా. ముందు వేలు పంపు. నువ్వు తర్వాత రావచ్చు.

కాగితంలో ఇంకొక్క సంగతి, చిన్నదే. పసుపుతో బొటనవేలు గుర్తు ఇప్పుడు వాళ్ల కంపెనీ ముద్ర కాబట్టి, నువ్వు ఇకమీద ఏ కొత్త బట్టకూ అది పెట్టకూడదు. మన ఇంట్లోవైనా సరే అని రాసి ఉంది, నేను రెండుసార్లు చదివాను. నా మేనకోడలికి కొత్త అంగీ తొడిగే ఉంటావు. తొడిగే ముందు మూలన నీ వేలు పెట్టే ఉంటావు, పెట్టకుండా ఉండవు. ఆ అంగీని జర సబ్బుతో ఉతికి, ఎండలో వెయ్యి. పసుపు ఎండకు పోతుంది.

ఇట్లు,
ఆ రోజు గిన్నె పట్టిన
నీ కొడుకు
దినేష్